కొండవీటి సైన్యానికి సీసం పరీక్ష

అది 2023, గుంటూరులో మిర్చి సీజను ముమ్మరంగా ఉన్న రోజులు. మా కార్ఖానా ఊరి చివర, కోల్డ్ స్టోరేజీల వెనక ఉన్న ఒక రేకుల షెడ్డు. ముందు రోడ్డు మీద మిర్చి బస్తాల లారీలు రోజంతా తిరుగుతుంటాయి. షెడ్డులో మేము చేసే పని లోహంతో చిన్న చిన్న సైనికులను పోత పోయడం.

ఈ సైనికులు పిల్లల ఆట కోసం కాదు. ఇంగ్లండులో, అమెరికాలో కొంతమంది, ఎక్కువగా వయసు మళ్ళినవాళ్ళు, పెద్ద బల్ల మీద గుట్టలూ వాగులూ అమర్చి, పాతకాలపు యుద్ధాలను పాచికలతో, కొలత టేపుతో మళ్ళీ ఆడుకుంటారు. దాన్ని వార్‌గేమింగ్ అంటారు. అందుకు కావలసిన సైనికులను రంగు లేకుండా కొని, ఎవరికి వారు కుంచెతో రంగులు వేసుకుంటారు. ఆడటం కంటే రంగులు వేయడమే ఎక్కువ ఇష్టమైనవాళ్ళూ ఉన్నారు. మా పనిలో వీటిని 28 ఎంఎం ఫిగర్లు అంటాం. పాదం నుంచి కంటి దాకా ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు. చిటికెన వేలిలో సగం. ఆ సగంలోనే తలపాగా, మీసం, డాలు, కత్తి పట్టిన వేళ్ళు అన్నీ కనపడాలి.

ఈ పనిని మా ఇంట్లోకి తెచ్చింది మా తమ్ముడు నాగూరు. మాది దర్శి దగ్గర పల్లె. మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. నాగూరు బందరు వెళ్ళి గిల్టు నగల కార్ఖానాలో చేరి స్పిన్ కాస్టింగ్ నేర్చుకున్నాడు. రెండు రబ్బరు చక్రాల మధ్య అచ్చు తీసి, వాటిని యంత్రం మీద గిరగిరా తిప్పుతూ నడిమి రంధ్రంలో కరిగిన లోహం పోస్తారు. ఆ వేగానికి లోహం అచ్చులో మూలమూలకూ పోయి గడ్డకడుతుంది. ముక్కుపుడక ఎలా తయారవుతుందో సైనికుడూ అలాగే తయారవుతాడు.

గుంటూరు వచ్చి సొంత షెడ్డు పెట్టిన కొత్తలో నాగూరు స్కూళ్ళకు మెడల్సు, షాపులకు కీచైన్లు పోసేవాడు. తరువాత ఇంటర్నెట్టులో పీటర్ అనే ఇంగ్లీషాయన పరిచయమయ్యాడు. ఆయనది అక్కడ ఈ ఫిగర్లు అమ్మే చిన్న కంపెనీ. ఆయన పంపిన నమూనాలకు మేము పోత పోసి పంపేవాళ్ళం. అలా కొన్నేళ్ళు నడిచాక నాగూరు, “మా వైపూ ఒక సైన్యం ఉండేది, నేను చేస్తాను” అని నా చేత ఆయనకు రాయించాడు. పీటరు సరేనన్నాడు. కొండవీటి రేంజి అలా మొదలైంది. రేంజి అంటే ఒకే కాలానికి, ఒకే సైన్యానికి చెందిన ఫిగర్ల వరస. కాల్బలం, విలుకాళ్ళు, గుర్రపు రౌతులు, ఒక ఏనుగు.

దీనికోసం నాగూరు కొండవీటి కోట ఎన్నిసార్లు ఎక్కాడో నాకు తెలియదు. చుట్టుపక్కల గుళ్ళ స్తంభాల మీద చెక్కిన వీరుల బొమ్మలు చూసి, పంచె ఎలా బిగించారో, డాలు ఏ చేతిలో ఎంత ఎత్తున పట్టారో గీసుకొచ్చేవాడు. స్తంభం మీద లేనిది బొమ్మ మీద పెట్టలేదు. “కొంచెం నగలు పెట్టరాదూ, అందంగా ఉంటుంది” అని పీటరు రాస్తే, “సిపాయికి నగలేంటి” అని నా చేత జవాబు రాయించాడు.

ఆఖరి గుర్రం పూర్తయిన కొద్ది రోజులకు నాగూరు పోయాడు. కిడ్నీలు పాడైపోయాయి. డాక్టరు కొన్ని కారణాలు చెప్పాడు. ఏళ్ళ తరబడి చూపించుకోని బీపీ, చిన్నప్పటి నుంచి తాగిన మా ఊరి ఫ్లోరైడు నీళ్ళు. ఏది అసలు కారణమో తేల్చలేమన్నాడు. ఆ రోజుల గురించి ఇంతకంటే రాయను.

నేను అప్పటిదాకా జిన్నింగు మిల్లు ఆఫీసులో పనిచేసేదాన్ని. మిల్లు మానేసి షెడ్డుకు వచ్చాను. పెట్టె మీద ‘శిల్పి: నాగూర్ వలి’ అని అచ్చయి ఆ రేంజి బయటికి రావాలి. నేను వచ్చింది అందుకే.

మా వ్యాపారంలో కొత్త రేంజిని లాంచ్ చేయడం అంటే బొమ్మలను కొట్లో పెట్టడం ఒక్కటే కాదు. ముందుగా పేరున్న కొందరు పెయింటర్లకు కొన్ని సెట్లు ఉచితంగా పంపుతారు. వాళ్ళు రంగులు వేసి ఫోటోలు పెడతారు. ఆ ఫోటోలు చూసి కొనేవాళ్ళు ఎదురుచూడటం మొదలుపెడతారు. తరువాత అక్కడ జరిగే ఒక పెద్ద షోలో అమ్మకానికి పెడతారు. ఆ షో దాటిపోతే జనం చూపు ఇంకో కంపెనీ మీదికి పోతుంది. పీటరు ఈ వరసంతా ఉత్తరంలో రాసి, చివర “తొందరగా” అన్న మాట కింద గీత గీశాడు.

పోత పోయడానికి ఏసోబు ఉన్నాడు. షెడ్డు పెట్టిన రోజు నుంచి నాగూరుతో ఉన్న మనిషి. అతను ఎన్ని పోసినా, ఫ్లాష్ తీయడానికి మనుషులు కావాలి. ఫ్లాష్ అంటే అచ్చు రెండు ముక్కల సందులోంచి కారి, బొమ్మ అంచున గట్టిపడిన పల్చటి రేకు. దాన్ని సన్నటి ఆకురాయితో, చిన్న బ్లేడుతో బొమ్మ చెడకుండా తీయాలి. ఇదివరకు నాగూరూ ఏసోబే చేసుకునేవాళ్ళు. ఇప్పుడు బొమ్మలు ఎక్కువ, చేతులు తక్కువ.

పక్కనే కోల్డ్ స్టోరేజీ ఆవరణలో ఆడవాళ్ళు మిరపకాయల తొడిమలు తీస్తుంటారు. వాళ్ళలో మార్తమ్మ అనే ఆవిడకు ఏసోబు చర్చిలో పరిచయం. ఒక బొమ్మ చేతిలో పెట్టి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఈ రేకు తుంచడమేగా అక్కా? తొడిమ తీసినట్టే. చిటికెలో అయిద్ది.”

“తొడిమ కాదు మార్తమ్మా, నెమ్మదిగా. కత్తి మొన విరిగితే బొమ్మ పోయినట్టే.”

“కాయ చితకకుండా తీసేదాన్ని, కత్తి విరగ్గొడతానా? ఇంతకీ ఎవరీ అబ్బాయి, మీసం బాగుంది, పెళ్ళయిందా?”

తనలాంటి మరి నలుగురిని తీసుకొచ్చింది. పొద్దున పూట తొడిమల పని, మధ్యాహ్నం అన్నం తిని మా పని. వాళ్ళ పని శుభ్రంగా ఉంది. శుభ్రం చేసిన బొమ్మలను పలచటి కాగితంలో చుట్టి, స్పాంజి పరిచిన పెట్టెల్లో వాళ్ళే సర్దేవాళ్ళు. పెయింటర్ల సెట్లు ముందుగా వెళ్ళాయి. మిగతా సరుకు పెట్టెల్లోకి ఎక్కుతోంది.

అప్పుడు పీటరు దగ్గర్నుంచి మెయిలు వచ్చింది. ఎప్పుడూ వాతావరణంతో మొదలుపెట్టే మనిషి, ఈసారి నేరుగా విషయంలోకి వచ్చాడు. సెట్లు అందుకున్న పెయింటర్లలో ఒక పెద్దాయన మా విలుకాళ్ళకు రంగులు వేస్తూ కూర్చున్నాడు. కాసేపటికి పెదవులు, నాలుక మండాయి. కన్ను నలుపుకుంటే కన్ను వాచింది. డాక్టరు దగ్గరికి వెళితే, ఏం పని చేస్తున్నారు, అది ఏ లోహం అని అడిగాడట. మరో పెయింటరు కూడా నోరు మండిందని రాశాడు. “మీ లోహంలో సీసం ఉందా? దయచేసి నిజం చెప్పండి. తేలేదాకా లాంచ్ ఆపుతున్నాను.”

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పూర్వం ఈ బొమ్మలను సీసం కలిసిన లోహంతోనే పోసేవారు. అది విషమని తెలిశాక చాలా కంపెనీలు మానేశాయి. మేము వాడేది వైట్ మెటల్, తగరం ఎక్కువగా ఉండి సీసం లేని లోహం. పీటరుతో మా ఒప్పందంలో మొదటి షరతే అది. పెయింటర్లకు ఒక అలవాటుంది. కుంచె మొన సన్నబడటానికి దాన్ని పెదవుల మధ్య పెట్టి తిప్పుతారు. బొమ్మను తాకిన కుంచె నోట్లోకి పోతుంది. అందుకే సీసం అన్న మాట వినగానే ఆ లోకం భయపడుతుంది. ఆ మాట ఒక్కసారి వాళ్ళ చర్చల్లో పడిందంటే మా సైన్యం పని అయిపోయినట్టే. సీసం ఉందని తేలితే మొత్తం సరుకు వెనక్కి తెప్పించి కరిగించక తప్పదని పీటరు రాశాడు. నాగూరు పేరు మీద వచ్చే మొదటి పనీ, చివరి పనీ ఇదే. దానికి విషమన్న పేరే మిగులుతుంది.

నేను ఏసోబు దగ్గరికి వెళ్ళాను. గరిటతో లోహం తీస్తున్నాడు.

“ఏసోబూ, మన లోహంలో సీసం ఉందా?”

“ఎవడక్కా అన్నది?”

“పీటరు అడుగుతున్నాడు.”

“కడ్డీలకి సర్టిఫికెట్ ఉందిగా. ఆ కాగితం ఆయనకీ పంపావుగా. మళ్ళీ ఏంటంట?”

“కాగితం సంగతి కాదు. నువ్వు చెప్పు.”

గరిట పక్కన పెట్టాడు. “ఈ బొమ్మలకి కలపలా అక్కా. నా పిల్లల మీద ఒట్టు. పీటరు పని మొదలైన కాడ్నించి ఒక్క ముక్క బయటి లోహం కలపలా.” గరిట మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. “అంతకు ముందు కలిపాం. ఆ మెడల్సు, కీచైన్లప్పుడు. టీవీ రిపేరు షాపుల్లో పాత సోల్డరు తూకానికి తెచ్చి కరిగించేవాళ్ళం. అప్పుడెవరికి తెలుసు? తలుపులు మూసుకుని, నాగూరన్న పాటలు పాడతా పోసేవాడు.”

సోల్డరు అంటే వైర్లు అతికే లోహం. పాత సోల్డరులో సీసం బాగా ఉంటుంది. సీసం కిడ్నీల మీద పని చేస్తుందని నేను చదివాను. ఎప్పుడో, ఏదో పుస్తకంలో, ఏ అవసరమూ లేకుండా. ఇప్పుడు ఆ వాక్యం గుర్తొచ్చింది.

అక్కడి నుంచి నాకు భయం రెండు పాయలైంది. బొమ్మల్లో సీసం ఉంటే రేంజి పోతుంది. పాత లోహంలో సీసం ఉంటే, నా తమ్ముడిని చంపింది అతని పనే కావచ్చు. మొదటి భయం గురించి పీటరుతో, ఏసోబుతో మాట్లాడగలిగాను. రెండోదాని గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నం తినేటప్పుడు, బస్సులో కూర్చున్నప్పుడు, ఇదే ఆలోచన. రాత్రి వండిన కూర రుచి చూడటానికి గరిట నోటి దగ్గరికి తెచ్చి ఆగిపోయేదాన్ని.

నాగూరు లోహం కరిగించిన పాత ఇనప మూకుడు షెడ్డు వెనక బోర్లించి ఉంది. పీటరు పని వచ్చాక కొత్తది కొన్నాడు, పాతది పారేయలేదు. దాని అడుగున గట్టిపడిన మడ్డి ఉంది. కొంచెం గీకి ఒక డబ్బాలో వేసుకున్నాను. సర్దిన పెట్టెల్లోంచి ఒక పెట్టె తీసుకున్నాను. రెండూ ప్లాస్టిక్ కవర్లలో కట్టి, రైలెక్కి హైదరాబాదులో ఒక ప్రైవేటు ల్యాబుకు వెళ్ళాను. లోహాన్ని ఆమ్లంలో కరిగించి, ఏ ఏ మూలకాలు ఎంతెంత ఉన్నాయో చెబుతారు. కొన్ని రోజులు పడుతుంది.

శాంపిళ్ళు తీసుకునే కౌంటరులో ఒకావిడ ఉంది. కవరు విప్పి, పెట్టె తెరిచి, కాగితం చుట్ట విప్పి బొమ్మను బయటికి తీసింది. స్పాంజి ఎత్తి కింద ఏముందో చూసింది. తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. చేత్తో కన్ను తుడుచుకుంది. అంతే, కుర్చీలోంచి లేచి నిలబడింది.

“ఏందమ్మా ఇది? కన్ను మండుతున్నది. మిర్చి ఏమన్నా తెచ్చినవా?”

“లేదండీ, బొమ్మలే.”

“బొమ్మలే అంటవ్, గొంతుల దాకా ఘాటొస్తున్నది. ఏ ఊరమ్మా మీది?”

“గుంటూరు.”

ఆవిడ నన్ను ఒక చూపు చూసి, కన్ను కడుక్కోవడానికి వెళ్ళింది.

ఇది చదువుతున్నవాళ్ళలో గుంటూరు వాళ్ళు కానివాళ్ళకు ఈపాటికే అర్థమై ఉంటుంది. మాకు కాలేదు. సీజనులో మా ఊళ్ళో గాలే అలా ఉంటుంది. తుమ్ముతూనే టీ తాగుతాం. చేయి కంటికి తగలకుండా మోచేత్తో ముఖం తుడుచుకోవడం మాకు చిన్నప్పుడే వచ్చేస్తుంది. షెడ్డులో బల్లల మీద, స్పాంజి మీద, కాగితాల మీద సన్నటి ఎర్ర దుమ్ము ఉంటే అది మాకు మామూలు దుమ్మే. పొద్దుటి నుంచి తొడిమలు తీసిన చేతులు. సబ్బుతో కడిగినా గోళ్ళ సందుల్లో కారం పోదు. ఆ చేతులే ప్రతి సైనికుడి ముఖాన్నీ, కాళ్ళనూ, వీపునూ పట్టుకుని తిప్పాయి. ఆ సైనికుడిని తాకిన కుంచెను ఇంగ్లండులో ఒక పెద్దాయన నోట్లో పెట్టుకున్నాడు.

ల్యాబు మెట్ల మీద నిలబడి పీటరుకు ఫోను చేశాను. మేము ఇంగ్లీషులో అనుకున్నదానికి ఇది తెలుగు.

“పీటర్, అది మిరపకాయ.”

“ఏమిటి?”

“బొమ్మల మీద ఉన్నది మిరపకాయ కారం. మా పనివాళ్ళ చేతుల నుంచి, మా గాలి నుంచి.”

 “ఆ పెద్దాయన భారతదేశం వంటలంటే ఇష్టమని ఎప్పుడూ చెబుతుంటాడు” అన్నాడు. నవ్వాడో లేదో తెలియలేదు. వెంటనే గొంతు మారింది. “సైదాబీ, ఒక మాట. పైన మిరప ఉన్నంత మాత్రాన లోపల సీసం లేదని కాదు కదా. నాకు ఆ రిపోర్టు కావాలి. అప్పటిదాకా లాంచ్ ఆగే ఉంటుంది.”

ఆయన అన్నది నిజం. పెదవుల మంటకు కారణం దొరికింది కానీ, నా రెండు ప్రశ్నలూ కౌంటరు అవతల ఆమ్లంలోనే ఉన్నాయి.

తిరిగి వచ్చి ఆడవాళ్ళను కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. మార్తమ్మ తన చేతులు ముందుకు చాపి చూసుకుంది.

“అయితే తప్పు మా చేతులదా?”

“తప్పు కాదు. చేతులకి కారం ఉంది, అంతే.”

“కారం లేని చేతులు గుంటూరులో ఎక్కడ దొరుకుతాయ్ అక్కా? వేరే ఊర్నించి తెప్పించుకోవాలి.” మిగతావాళ్ళు నవ్వారు. “అయినా ఆ దొరలకేం పోయేకాలం, రంగేసే కుంచె నోట్లో పెట్టుకుంటారా? మా మనవడు బలపం నాకితే నేను రెండు తగిలిస్తా!”

ఏసోబు యంత్రం దగ్గర్నుంచి అరిచాడు. “వాళ్ళకి నువ్వు లేవుగా మార్తమ్మా తగిలించడానికి!”

నవ్వులు ఆగాక ఆవిడ గొంతు తగ్గించి అడిగింది. “మమ్మల్ని మాన్పిస్తావా అక్కా?”

మాన్పించలేదు. కాకపోతే రెండు పనుల్లో ఏదో ఒకటి ఎంచుకోమన్నాను. సీజను ఉన్నన్నాళ్ళు తొడిమలకు వెళ్ళేవాళ్ళు మా బొమ్మలు ముట్టుకోకూడదు. మార్తమ్మా ఇంకో ఇద్దరూ మా దగ్గర ఉండిపోయారు. వాళ్ళ చేతులు నూనెతో, సబ్బుతో తోమి తోమి, కొన్ని రోజులు ఆగాకే పనిలోకి వచ్చారు. శుభ్రం చేసే పని, సర్దే పని షెడ్డు నుంచి ఊళ్ళో మా ఇంటికి మార్చాను. పెట్టెలు, కాగితం, స్పాంజి అన్నీ కొత్తవి తెప్పించాను. ఉత్త నీళ్ళతో కడిగితే కారం ఇంకా పాకుతుందని ఇక్కడ అందరికీ తెలిసిందే. పాత సరుకంతా ముందు నూనెలో ముంచి, తరువాత గిన్నెలు తోమే సబ్బు నీళ్ళలో కుంచెలతో రుద్ది, గుడ్డల మీద ఆరబెట్టాం. మా హాలు నిండా పాత చీరల మీద కొండవీటి సైన్యం బోర్లా పడి ఉంది. దాని మధ్యలోంచి వంటింట్లోకి పోవడానికి కాళ్ళు చూసుకుని అడుగు వేయాల్సి వచ్చేది.

ఇదంతా చేస్తున్నప్పుడూ నాకు భయం పోలేదు. సీసం ఉంటే ఈ కడగడమంతా దండగ. ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ రుద్దుతుంటే, నేను ఒక్కో బొమ్మను ఆరబెడుతూ ఇవి మళ్ళీ కరుగుతాయా అని చూసేదాన్ని. ఫోను మోగితే చేతులు తుడుచుకోకుండానే తీసేదాన్ని.

రిపోర్టు మెయిల్లో వచ్చింది. మొదటి శాంపిలు, బొమ్మ. సీసం లేనట్టే లెక్క. పీటరు దేశపు నిబంధనలకు లోపలే ఉంది. ఏసోబు చెప్పింది నిజం. రెండో శాంపిలు, మూకుడు మడ్డి. సీసం చాలా ఎక్కువగా ఉంది.

మొదటి పేజీని పీటరుకు పంపాను. ఆయన వెంటనే లాంచ్ ఖాయం చేశాడు. పెట్టెలు షో నాటికి అందాయి. అన్నీ కాదు, ఏనుగు తరువాతి విడతలో వెళ్ళింది. ప్రతి పెట్టెలో ‘రంగు వేసే ముందు సబ్బు నీళ్ళతో కడగండి’ అని ఒక చీటీ పెట్టాం. పెదవులు మండిన పెద్దాయన విలుకాళ్ళను పూర్తి చేసి ఫోటోలు పెట్టాడు. వాటి కింద తన అనుభవం కూడా రాశాడు. జనం అది చదివి నవ్వుకున్నారు, బొమ్మలు కొన్నారు. పెట్టె మీద నాగూరు పేరు ఉంది. నేను కోరుకున్నది జరిగింది.

రెండో పేజీని మడిచి సంచిలో పెట్టుకుని, నాగూరుకు వైద్యం చేసిన డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన చదివి కళ్ళద్దాలు తీశాడు.

“సీసం కిడ్నీలను పాడుచేస్తుందమ్మా. బీపీ కూడా పెంచుతుంది. నిజమే. కానీ మీ తమ్ముడికి అదే జరిగిందని ఇప్పుడు నేను చెప్పలేను. అప్పుడు మనం ఆ పరీక్ష చేయలేదు.”

“అదే అయి ఉండొచ్చా?”

“ఉండొచ్చు. కాకపోనూ వచ్చు. అవునని గానీ కాదని గానీ చెప్పి మిమ్మల్ని ఒక పక్కకి నెట్టడం న్యాయం కాదు.”

నేను లేవబోయాను. ఆయన కాగితం తిరిగి ఇస్తూ అడిగాడు.

“ఆ మూకుడు దగ్గర మీ తమ్ముడితో పాటు ఇంకెవరైనా పని చేశారా?”

నేను మళ్ళీ కూర్చున్నాను.

ఏసోబును ఒప్పించడం తేలిక కాలేదు.

“నాకేం అక్కా, దున్నపోతులా ఉన్నా. రక్తం తీయించుకోవాల్సిన ఖర్మేంటి?”

“నాగూరు కూడా అలాగే ఉన్నాడుగా.”

“అన్న సంగతి వేరు. అన్నకి బీపీ.”

“నీకు లేదని నీకెలా తెలుసు? ఎప్పుడన్నా చూపించుకున్నావా?”

 ఏసోబు యంత్రం గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ తుడవడు.

“భయంగా ఉందా ఏసోబూ?”

“నీకు లేదా?”

“ఉంది. అందుకే వస్తున్నా నీతో.”

ఆస్పత్రిలో నా పక్కన కూర్చుని గోడ మీది బొమ్మలు చూస్తూ ఉన్నాడు. సూది గుచ్చేటప్పుడు నా చేయి పట్టుకున్నాడు, వెంటనే వదిలేశాడు. అతని రక్తంలో సీసం ఉండవలసిన దానికంటే ఎక్కువ ఉంది. బీపీ ఉంది. కిడ్నీలు మాత్రం ఇంకా బాగున్నాయి. ఇకముందు ఆ లోహం ఒంట్లోకి పోకపోతే నెమ్మదిగా తగ్గుతుంది, మాత్రలు మానొద్దు, మళ్ళీ మళ్ళీ వచ్చి చూపించుకోవాలి అని డాక్టరు చెప్పాడు. పాత మూకుడును, షెడ్డు మూలల్లో మిగిలిన సోల్డరును తీసుకెళ్ళడానికి అలాంటి చెత్తకు లైసెన్సు ఉన్నవాళ్ళను పిలిపించాం. షెడ్డు నేల తడిగుడ్డతో తుడిపించాం. పొగ లాగే పెద్ద ఫ్యాను పెట్టించాం.

నాగూరు గురించి నేను అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదు. వస్తుందని ఇప్పుడు ఎదురు చూడటమూ లేదు. ఆ రోజుల్లో నేను భయపడింది రేంజి గురించి, తమ్ముడి పేరు గురించి, అతను ఎలా పోయాడన్న దాని గురించి. నా భయమంతా అటు తిరిగి ఉంది. అదే మూకుడు ముందు అతని పక్కన అన్నేళ్ళు కూర్చున్న మనిషి రోజూ నాతో టీ తాగుతున్నా, అతని సంగతేమిటని నాకు తోచలేదు. డాక్టరు అడిగితే తోచింది. ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది అదే. పనిలో ఏదైనా చెడు జరిగితే ఇప్పుడు నేను ఎందుకు జరిగిందని తరువాత అడుగుతాను. ఆ పని దగ్గర ఇంకా ఎవరు ఉన్నారని ముందు అడుగుతాను.

ఏసోబు ఇప్పుడు మాస్కు కట్టుకుని పోత పోస్తాడు. ఊపిరాడటం లేదని, పాట పాడటం కుదరటం లేదని సణుగుతాడు. పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చిన రోజు మాత్రం నన్ను గట్టిగా తిడతాడు. తిట్టనిస్తాను.